విడిపోయి మళ్లీ కలిసిన తూర్పు ఆఫ్రికా

కెన్యా నుంచి ఉగాండా వెళ్లే లారీ బుసియా సరిహద్దులో ఇప్పుడు ఒక్కచోట ఆగితే చాలు. 2018లో అక్కడ ఉమ్మడి తనిఖీ కేంద్రం మొదలయ్యాక రెండు దేశాల కస్టమ్స్ అధికారులూ ఒకే కప్పు కింద పక్కపక్కన కూర్చుంటున్నారు. డ్రైవరు అవతలి దేశంలో అడుగుపెట్టాకే కాగితాలన్నీ చూపిస్తాడు. అంతకుముందు ఇవతల ఒక క్యూ, అవతల ఇంకో క్యూ. మొంబాసా రేవు నుంచి కంపాలాకు సరుకు చేరడానికి 18 రోజులు పట్టేదనీ, అది నాలుగు రోజులకు తగ్గిందనీ ఈ ప్రాంత దేశాల కూటమి అయిన తూర్పు ఆఫ్రికా సమాజం చెబుతోంది.

ఈ సమాజానికి ఇది రెండో జన్మ.

బ్రిటిష్ పాలనలోనే కెన్యా, ఉగాండా, టాంగన్యికాలకు ఉమ్మడి సుంకాలు, తపాలా, రైళ్లు ఉండేవి. స్వాతంత్ర్యం వచ్చాక 1967లో ఆ మూడు దేశాలే (టాంగన్యికా అప్పటికి టాంజానియాలో భాగం) కూటమి కట్టాయి. పదేళ్లకే అది కూలిపోయింది. పరిశ్రమలున్న కెన్యాకే లాభమంతా పోతోందని మిగతా రెండు దేశాలకూ గుర్రు. పైగా టాంజానియాది సోషలిస్టు బాట, కెన్యాది మార్కెట్ బాట. 1971లో ఈదీ అమీన్ సైనిక కుట్రతో ఉగాండా గద్దెనెక్కాక, ఆయనతో కలిసి కూర్చునేది లేదని టాంజానియా అధ్యక్షుడు జూలియస్ నైరేరే భీష్మించారు. 1977లో ఉమ్మడి విమాన సంస్థ మూతపడింది. టాంజానియా కెన్యాతో సరిహద్దు మూసేసింది. ఆస్తులు, అప్పుల పంపకం తేలేసరికి 1984 వచ్చింది.

1999లో టాంజానియాలోని అరుషాలో మళ్లీ ఒప్పందం కుదిరింది. 2005లో సుంకాల కూటమి, 2010లో ఉమ్మడి మార్కెట్ వచ్చాయి. 2007లో రువాండా, బురుండి చేరాయి. తర్వాత దక్షిణ సూడాన్, కాంగో ప్రజాస్వామ్య గణతంత్రం, 2024లో సోమాలియా. మొత్తం ఎనిమిది దేశాలు. కెన్యా, ఉగాండా, రువాండాల పౌరులు పాస్‌పోర్టు లేకుండా గుర్తింపు కార్డుతోనే ఒక దేశం నుంచి ఇంకో దేశానికి వెళ్లి రాగలరు. ఇది చిన్న విజయం కాదు.

పాత జబ్బు మాత్రం పూర్తిగా నయం కాలేదు. ఉగాండాతో మనస్పర్థలు వచ్చి రువాండా 2019లో గటునా సరిహద్దు మూసేస్తే, 2022 జనవరి దాకా అది తెరుచుకోలేదు. 2021లో విషపు బూజు పేరుతో కెన్యా పొరుగు దేశాల మొక్కజొన్నను ఆపింది. నిరసనలు రావడంతో కొద్ది రోజులకే షరతులతో దారి ఇచ్చింది. తూర్పు కాంగోలో తిరుగుబాటుదారుల వెనక రువాండా ఉందని ఐక్యరాజ్యసమితి నిపుణులు అంటున్నారు, రువాండా కాదంటోంది. కాంగో, రువాండా రెండూ ఒకే కూటమి సభ్యులు! ఈ సమాజానికి కోర్టు ఉంది, శాసనసభ ఉంది. కానీ ఆఖరి మాట దేశాధినేతలది, అదీ అందరూ ఒప్పుకుంటేనే. అసలు బలహీనత ఇక్కడే ఉంది. అధ్యక్షులు అలిగితే నష్టపోయేది లారీ డ్రైవరూ రైతూ. ఉమ్మడి కరెన్సీకి 2013లో సంతకాలైతే చేశారు. 2024 గడువు దాటిపోయి ఇప్పుడు 2031 అంటున్నారు.

కరెన్సీ కన్నా ముందు చూడాల్సింది బుసియాలో తలమీద బుట్టతో సరిహద్దు దాటే ఆడవాళ్లను. రెండు వేల డాలర్లలోపు స్థానిక సరుకుకు సుంకం లేకుండా దాటేందుకు వాళ్లలాంటి చిరు వ్యాపారుల కోసమే ఒక సులువైన పత్రం ఉంది. ఆ సంగతి తెలియకో, అధికారులంటే భయంతోనో చాలామంది ఇంకా పొదల మధ్య దొంగదారులే పడుతున్నారు. అక్కడ పట్టుబడితే సరుకూ పోతుంది, లంచమూ తప్పదు. ఆ పత్రం గురించి సంతలోనే, వాళ్ల భాషలోనే చెప్పే మనిషిని పెట్టడానికి ఏ శిఖరాగ్ర సభా అక్కర్లేదు.