గోదావరి ఒడ్డున ఒక చిత్రకారుడు

నోటుపుస్తకాల అంచులమీద బొమ్మలు గీసే పిల్లవాడు మన ఇండ్లలో తిట్లు తినక తప్పదు. "బొమ్మలు కూడు పెడతాయా?" అని అడుగుతాము. మేమూ అలా అడిగినవారమే. రాజమహేంద్రవరంలో దామెర్ల రామారావు గారి చిత్రశాలలో కాసేపు నిలబడిన తరువాత ఆ మాట మళ్ళీ అనడానికి నోరు రాలేదు.

రామారావు గారు 1897 మార్చి 8న ఆ ఊరిలోనే పుట్టారు. అది రవివర్మ అచ్చుపటాలు ఇంటింటి గోడలకు చేరుతున్న కాలం. బొమ్మ నేర్చుకోవడమంటే అచ్చుపటాన్ని చూచి దింపడమే అనుకొనేవారు. (మన గోడలమీద క్యాలెండరు బొమ్మలను చూచి పిల్లలు నేటికీ చేసేది అదే కదా!) అక్కడి ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాలుగా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే దొరగారు స్వయంగా చిత్రకారుడు. ఎదుటనున్న చెట్టును, నీటిని, మనిషిని చూచి గీయమని ఈ కుర్రవానిని ప్రోత్సహించారు. తరువాత రచయితగా పేరుపొందిన అడివి బాపిరాజు గారూ ఆయన శిష్యులే.

1916లో రామారావు గారు బొంబాయిలోని జె.జె. కళాశాలలో చేరారు. ఇటువంటి కళాశాలల్లో ముందుగా సున్నపుముద్ద విగ్రహాలను, ఆ తరువాత ఎదుట కూర్చున్న మనుష్యులను గీయిస్తారు. వెలుగు ఎటునుండి పడుతున్నది, చర్మం క్రింద ఎముక ఎక్కడ మలుపు తిరుగుతున్నది - ఇదంతా కంటితో పట్టుకోవాలి. వినడానికి తేలికే. మీ ఇంట్లో బియ్యం ఏరుతున్న అమ్మమ్మ చేతిని ఒక్కసారి గీసి చూడండి, సంగతి తెలుస్తుంది!

చదువు ముగించుకొని ఆయన సొంత ఊరికే తిరిగి వచ్చారు. అప్పట్లో చిత్రకారులలో రెండు దారులున్నవి. ఉన్నది ఉన్నట్లు చూపే పాశ్చాత్య పద్ధతి ఒకటి; అజంతా గోడలనుండి, పాత చిత్రాలనుండి స్ఫూర్తి తీసుకొని, రంగును నీటితో పలుమార్లు తడిపి పలుచబరచే వంగదేశపు పద్ధతి మరొకటి. రామారావు గారు ఏదో ఒకదానికే కట్టుబడలేదు. ఆయన గీత మన పాత శిల్పులదివలె మెత్తగా సాగుతుంది; కాని ఆ వస్త్రం క్రింద నిజమైన శరీరం ఉన్నదని తెలుస్తుంది. మా మట్టుకు, బొంబాయిలో అంత కష్టపడి చూడడం నేర్చుకోకపోతే ఆ గీతకు అంత బలం వచ్చేది కాదనిపిస్తుంది. 1922లో ఆయన 'ఋష్యశృంగ బంధనం' చిత్రానికి కలకత్తా ప్రదర్శనలో వైస్రాయి బహుమతి లభించింది. తూర్పు కనుమల నడుమ మన గోదావరినీ చిత్రించారు.

ఊరిలోనే చిత్రకళాశాల తెరిచారు. భార్య సత్యవాణి గారు, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ గారు కూడా కుంచె పట్టారు. ఆడవారి చేతికి పలక ఇవ్వడానికే వెనుకాడే ఇండ్లు ఎన్నో ఉన్న రోజులవి!

1925 ఫిబ్రవరి 6న మశూచి ఆయనను తీసుకొనిపోయింది. ఇరువదియెనిమిది ఏండ్లు నిండడానికి ఇంకా నెలరోజులున్నది. ఇంటింటికీ టీకాలు చేరి మన దేశం ఆ జబ్బునుండి విముక్తి పొందినట్లు ప్రకటించేసరికి 1977 వచ్చింది.

స్నేహితులు వరదా వెంకటరత్నం గారు కళాశాలను నిలబెట్టి, చిత్రాలను కాపాడారు. రాజమహేంద్రవరం వెళ్ళినప్పుడు పిల్లలను అక్కడికి తీసుకొని వెళ్ళండి. రంగుల పటాలకంటె ముందు ఆయన పెన్సిలు గీతలు చూపించండి.