సైకిలు మనిషికి చట్టమిచ్చిన హక్కు

తెల్లవారుజామున నాలుగున్నరకు రాజధాని రోడ్లపై మోటారు కార్లకు ఎదురన్నది లేదు. పాలవాళ్లు చాలామంది మోటారు సైకిళ్లకు మారిపోయారు గాని, పత్రికలు వేసే మనిషి ఇంకా సైకిలు మీదనే వస్తున్నాడు. మా కాలనీలో పన్నెండేళ్లుగా పత్రికలు వేస్తున్న బీహారు మనిషి గత శీతాకాలంలో మూడు నెలలపాటు కనిపించలేదు. పొగమంచులో వెనుకనుంచి వచ్చిన కారు ఆయనను పడగొట్టి, ఆగకుండా వెళ్లిపోయింది. తొడ ఎముక విరిగింది.

కోలుకుని తిరిగి వచ్చిననాడు పరామర్శించి, కేసు ఏమయిందని అడిగాను. “బండి నంబరు ఎవరూ చూడలేదు బాబూజీ. నంబరే లేకపోతే కేసు ఎవరిమీద? పోలీసులు రాసుకున్నారు, అంతే” అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. వర్షం పడకపోతే రైతు చెప్పుకునే మాటలా ఉంది.

ఆయన అనుకున్నది సరికాదు. నంబరు దొరకకపోయినా ఆయనకు 50,000 రూపాయలు రావలసి ఉన్నదని చట్టం చెబుతున్నది. ఢీకొట్టి పారిపోయిన వాహనం వల్ల మరణం సంభవిస్తే 2 లక్షలు, తీవ్రగాయమైతే 50,000 చెల్లించాలని మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ నిర్దేశించింది. అందుకు సంబంధించిన పథకం 2022 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. ఎముక విరగడం తీవ్రగాయమే నన్నది శిక్షాస్మృతిలోని నిర్వచనం. దరఖాస్తు చేసుకోవలసింది కోర్టులో కాదు, రెవిన్యూ అధికారి వద్ద.

మరి ఎందరు పొందుతున్నారు? 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించగా, వారిలో 30,486 మంది ఇట్లా పారిపోయిన వాహనాల కింద పడినవారే. ఒక్క ఏడాది లెక్క ఇది. అయిదేళ్ల కాలంలో పరిహారం అందినది 660 మరణాలకు, 113 మంది క్షతగాత్రులకు మాత్రమేనని సుప్రీంకోర్టు 2024 జనవరిలో ఇచ్చిన ఉత్తర్వులో నమోదు చేసింది. నెలరోజుల్లో వాహనం జాడ తెలియకపోతే, ఈ పథకం సంగతి బాధితునికి గాని వారసులకు గాని పోలీసులే లిఖితపూర్వకంగా తెలపాలని ఆదేశించింది. మా పత్రికల మనిషికి అటువంటి కాగితం రాలేదు.

వాహనం దొరికినప్పుడు సైకిలు మనిషి హక్కు ఇంతకంటె చాలా పెద్దది. ప్రతి మోటారు వాహనానికి తృతీయపక్ష బీమా తప్పనిసరి. సైకిలుకు బీమా అక్కరలేదు, లైసెన్సు అక్కరలేదు. ఢీకొన్న వాహనం యజమాని మీద, బీమా సంస్థ మీద ట్రిబ్యునల్‌లో దావా వేయవచ్చు. ఎవరిది తప్పన్న వివాదం జోలికి పోకుండానే మరణానికి 5 లక్షలు, తీవ్రగాయానికి 2,50,000 కోరే మార్గం ఒకటున్నది. అయితే ఆ సొమ్ము అంగీకరిస్తే పూర్తి పరిహారం కోరే అర్జీ అంతటితో ముగుస్తుంది. తొందరపడి సంతకం పెట్టకూడదనడం ఇందుకే.

ఈ హక్కు ఒక్కనాడు వచ్చినది కాదు. 1939 నాటి చట్టం కింద డ్రైవరు తప్పును బాధితుడే నిరూపించుకోవలసి ఉండేది. బస్సు కింద పడిన కూలివాని భార్య సాక్షులను ఎక్కడనుంచి తేగలదు? 1979లో హర్యానా ప్రభుత్వం ఒక పేద వితంతువు కోర్టు ఫీజు చెల్లించలేదన్న అభ్యంతరాన్ని సుప్రీంకోర్టు దాకా తీసుకువెళ్లగా, జస్టిస్ కృష్ణయ్యర్ ప్రభుత్వాన్ని గట్టిగా మందలించారు. 1982లో పార్లమెంటు తప్పుతో నిమిత్తం లేని పరిహారాన్ని మొదటిసారిగా చట్టంలో చేర్చింది. నాటి మొత్తం మరణానికి 15,000, శాశ్వత వైకల్యానికి 7,500.

పూర్తి పరిహారం కోరినప్పుడు బీమా సంస్థల న్యాయవాదులు వాడే ఆయుధం ఒకటే: తప్పులో సైకిలు మనిషికీ వాటా ఉన్నదనడం. దీపం లేదంటారు, చేయి చూపకుండా తిరిగాడంటారు. ఆ వాదన నెగ్గితే పరిహారంలో అంతమేరకు కోత పడుతుంది. ప్రథమ సమాచార నివేదికలో, పటంలో ఏమి రాశారో వెంటనే చూసుకోవాలని, విరిగిన సైకిలును పాతసామాను వానికి అమ్ముకోరాదని అనుభవజ్ఞులు హెచ్చరించేది ఇందుకే. వెనుకనుంచి తగిలిన దెబ్బకు ఆ వంగిన చక్రమే సాక్షి.

గాయం విలువ కట్టడంలో మరొక చిక్కు. వైద్యుడు వైకల్యం ఇంత శాతమని రాస్తాడు. కాని చేయి పోయిన గుమాస్తా కొలువులో కొనసాగవచ్చు, చేయి పోయిన వడ్రంగికి బతుకుతెరువే పోతుంది. కనుక శరీరానికి కలిగిన నష్టాన్ని కాక, సంపాదనకు కలిగిన నష్టాన్ని కొలవాలని సుప్రీంకోర్టు 2010లో స్పష్టం చేసింది. సైకిలు తొక్కేవారిలో అత్యధికులు కాయకష్టం మీద బతికేవారే గనుక వారికి ఈ తీర్పు ప్రాణాధారం.

గడువు సంగతి కూడా చెప్పాలి. 1994లో పార్లమెంటు తొలగించిన ఆరునెలల గడువును 2019 సవరణ తిరిగి తెచ్చింది. ఆసుపత్రి మంచం మీద ఆరు నెలలు గడిచిపోయే మనిషికి ఇదేమి న్యాయం? దీనిపై దాఖలైన సవాళ్లను విచారిస్తూ, గడువు దాటిందన్న కారణంతో దరఖాస్తులను కొట్టివేయవద్దని సుప్రీంకోర్టు 2025 నవంబరులో మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. తుది తీర్పు ఎట్లా ఉన్నా, ఆలస్యం చేయకపోవడమే క్షేమం.

పొరుగు రాష్ట్రాలకు కూలికి వెళ్లే మన తెలుగువారు గుర్తుంచుకోవలసిన అంశం మరొకటి. ప్రమాదం ఢిల్లీలో జరిగినా, సూరత్‌లో జరిగినా, దావాను బాధితుడు తాను నివసించే జిల్లాలోనే వేసుకోవచ్చు. శ్రీకాకుళం మనిషి వాయిదాకొకసారి రైలెక్కనక్కరలేదు.

ఇంత ఉన్నా చట్టంలో పెద్ద ఖాళీ ఒకటి మిగిలింది. గుంతలో పడినవానికి, మూత లేని మురుగుకాలువలో పడినవానికి ఈ ట్రిబ్యునల్ తలుపు తెరుచుకోదు. వారు పురపాలక సంస్థపై సివిలు కోర్టుకో హైకోర్టుకో వెళ్లాలి. సైకిళ్లకు విడిగా దారి ఇచ్చిన అంబేద్కర్ నగర్–మూల్‌చంద్ బస్సు మార్గం 2008లో మొదలై, కార్లవారి ఆగ్రహానికి గురై, 2016లో కూల్చివేతకు నోచుకున్నది. దారి ఇవ్వని ప్రభుత్వం పరిహారమైనా సక్రమంగా ఇవ్వవద్దా?

పోయిన వారం మా పత్రికల మనిషితో కూర్చుని దరఖాస్తు నింపాను. ఆసుపత్రి కాగితాలు, పోలీసు నివేదిక నకలు జతచేసి ఆయన సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు కార్యాలయంలో ఇచ్చి వచ్చాడు. రసీదు తెచ్చి చూపించాడు. సొమ్ము ఎప్పుడు వస్తుందో చూడాలి. 2022లో ఈ పథకం వార్త అచ్చయిన పత్రికలను ఇంటింటా గుమ్మంలో వేసినవాడు ఆయనే. ఆ వార్త తన కోసమేనని ఆయనకు చెప్పవలసిన బాధ్యత ప్రభుత్వానిది. పత్రికల్లో రాసే మనది కూడా.