బందీకి ఖరీదు కట్టే రాజ్యాలు

2016 ఏప్రిల్‌లో బ్రిటన్‌కు తిరుగు ప్రయాణమైన నాజనీన్ జఘారీ రాట్‌క్లిఫ్‌ను టెహ్రాన్ విమానాశ్రయంలో రివల్యూషనరీ గార్డులు అదుపులోకి తీసుకున్నారు. వెంట రెండేళ్లయినా నిండని కూతురు. మోపిన నేరం ప్రభుత్వాన్ని కూలదోసే కుట్ర. అసలు పేచీకి మూలం మాత్రం ఆమె పుట్టకముందుది. 1970లలో ఇరాన్ షా 1,500కు పైగా చీఫ్టెన్ ట్యాంకుల కోసం బ్రిటన్‌కు ముందే డబ్బు కట్టాడు. 1979 విప్లవం నాటికి అందినవి 185. మిగతా సొమ్ము తిరిగివ్వాలని మధ్యవర్తులు తీర్పు చెప్పినా లండన్ ఏళ్లతరబడి దాటవేసింది. చివరికి 2022 మార్చిలో 39.38 కోట్ల పౌండ్లు కట్టింది, నాజనీన్ ఇల్లు చేరింది. ఈ రెండూ సమాంతరంగా సాగాయన్నది బ్రిటన్ ప్రభుత్వం చెప్పిన మాట. ఎంత సమాంతరమో లోకానికి తెలుసు.

ముఠాలు మనిషిని ఎత్తుకుపోతే అది నేరమని అందరికీ తెలుస్తుంది. రాజ్యం ఆ పని చేస్తే దానికి వారెంటు, న్యాయమూర్తి, తీర్పు అన్నీ అమరుతాయి. రష్యాలో 16 ఏళ్ల శిక్ష పడిన అమెరికన్ విలేకరి ఇవాన్ గెర్ష్‌కోవిచ్ 2024 ఆగస్టు 1న విడుదలయ్యాడు. అదే మార్పిడిలో, బెర్లిన్‌లో హత్య చేసి జర్మనీ జైల్లో ఉన్న వాదిమ్ క్రాసికోవ్ మాస్కో చేరాడు. బేరం కుదిరిన ప్రతిసారీ మరొకరిని పట్టుకోవడం లాభసాటి అని అవతలివాళ్లకు రుజువవుతోంది.

ఈ లెక్క తిరగబడాలంటే బందీని పట్టుకున్నవాడికి నష్టం తగలాలి. 2020లో అమెరికా తెచ్చిన లెవిన్సన్ చట్టం ఆ దిశలో పడిన మంచి అడుగు. 2007లో ఇరాన్‌లోని కిష్ దీవిలో అదృశ్యమైన రాబర్ట్ లెవిన్సన్ పేరిట వచ్చిన ఈ చట్టం అక్రమ నిర్బంధాన్ని గుర్తించేందుకు కొలమానాలు చెప్పింది, బాధ్యులపై ఆంక్షలకు వీలిచ్చింది. చిక్కంతా అమలులోనే. 2023 సెప్టెంబరులో అయిదుగురు అమెరికన్ల విడుదల కోసం దక్షిణ కొరియాలో స్తంభించిన 600 కోట్ల డాలర్ల ఇరాన్ సొమ్మును ఖతార్‌కు మళ్లించారు. అదే రోజు ఇరాన్ గూఢచార శాఖతో పాటు మాజీ అధ్యక్షుడు అహ్మదీనెజాద్ మీదా ఆంక్షలు ప్రకటించారు. ఆయన పదవి దిగి అప్పటికే పదేళ్లు! కక్ష తీరవచ్చు గానీ, రేపు ఫైలు తెరిచే విచారణాధికారి దీన్ని చూసి జంకడు.

ఇప్పటికే ఆంక్షల్లో మునిగిన దేశానికి మరో ఆంక్ష ఒక లెక్కా అని అడగవచ్చు. దేశానికి లెక్క కాకపోవచ్చు. విదేశాల్లో ఖాతాలు, పిల్లల చదువులు, వైద్యం ఉన్న న్యాయమూర్తికి, జైలు అధికారికి అది లెక్కే. కఠినంగా వెళ్తే విడుదల ఆలస్యమవుతుందన్న బాధిత కుటుంబాల భయం అంతకంటే బరువైనది, దాన్ని కొట్టిపారేయలేం. అందుకే మార్పిడిని నిషేధించమనడం క్రూరత్వం. విడిపించుకోవాలి. కానీ అరెస్టు చేసినవారి మీద, శిక్ష వేసినవారి మీద పడ్డ ఆంక్షలు మాత్రం బేరంలో భాగం కాకూడదు, విడుదలతో రద్దు కాకూడదు. న్యాయంగా చెల్లించాల్సిన బాకీలు ఉంటే, చీఫ్టెన్ బాకీలా నానబెట్టకుండా, ఎవరూ బందీ కాకముందే తీర్చేయాలి. ఇదంతా ఒక్క దేశం చేస్తే దారి మళ్లించుకుంటారు, కలిసి చేస్తేనే తగులుతుంది. 2021లో కెనడా చొరవతో వచ్చిన ఏకపక్ష నిర్బంధాల వ్యతిరేక ప్రకటనకు 70కి పైగా దేశాలు మద్దతు పలికాయి. వాటిలో ఏ దేశమూ దానికి చట్టరీత్యా కట్టుబడి లేదు.