ఉప్పు కొఠార్లలో కళ్ళు

చినగంజాం ఉప్పు కొఠార్లలో పనిచేసేవాళ్ళ కళ్ళు పరీక్షించడం నా ఉద్యోగంలో భాగం. అక్కడ శుక్లాలతో పాటు నాకు తరచుగా కనబడేది కండ. ముక్కువైపు తెల్లగుడ్డు మీద మొదలై మెల్లగా నల్లగుడ్డు మీదికి పాకుతుంది. "దుమ్ము పడి పెరిగిందమ్మా" అంటారు. దుమ్మూ, గాలీ కూడా కారణాలే. వాటికన్నా పెద్ద కారణం ఎండలోని అతినీలలోహిత (యూవీ) కిరణాలు. కండ నల్లగుడ్డు నడిమికి వస్తే చూపు మసకబారుతుంది. ఆపరేషన్ చేసి తీసినా మళ్ళీ పెరగొచ్చు.

ఈ కిరణాలు కంటికి కనబడవు, ఒంటికి వేడిగానూ తగలవు. మాఘమాసంలో సముద్రపు గాలి చల్లగా వీస్తుంటే "ఇప్పుడు ఎండెక్కడుందమ్మా" అని అడుగుతారు. యూవీ ఇండెక్స్ 3కి చేరితేనే జాగ్రత్త పడమంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. మన దగ్గర ఫిబ్రవరిలో కూడా మబ్బులేని మధ్యాహ్నం అది 8 దాటుతుంది. పలచటి మబ్బు ఉన్నా పెద్దగా తగ్గదు.

కళ్ళకు ఇంకో చిక్కుంది. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు కనుబొమల ఎముక కొంత నీడనిస్తుంది. పొద్దున తొమ్మిదికీ, మధ్యాహ్నం మూడుకీ ఏటవాలు ఎండ సూటిగా కంట్లో పడుతుంది. పైగా కింది నుంచీ వస్తుంది: ఇసుక దాదాపు 15 శాతం కిరణాలను తిప్పికొడుతుంది, అలల నురగ 25 శాతం దాకా. తెల్లటి ఉప్పు మధ్య వంగి పనిచేసే మనిషికి తలపాగా ఒక్కటే చాలదు. పక్కలు కూడా మూసే కళ్ళద్దాలు కావాలి.

ఆ అద్దాలను నలుపు చూసి కొనకండి. నల్లద్దం వెనక కంటిపాప పెద్దదవుతుంది. యూవీని ఆపే గుణం అద్దానికి లేకపోతే, పెద్దదైన పాపలోంచి ఆ కిరణాలు ఇంకా ఎక్కువ లోపలికి పోతాయి. "యూవీ 400" అని ఉండాలి. అది ఉంటే రంగులేని అద్దమైనా కాపాడుతుంది. కొన్ని కళ్ళజోళ్ళ షాపుల్లో దీన్ని చూసే చిన్న మీటరు ఉంటుంది, అడిగి పరీక్ష చేయించుకోండి.

చర్మం సంగతి కొంత నయం. మన చామనఛాయ చర్మ క్యాన్సర్ ముప్పును బాగా తగ్గిస్తుంది. మంగు మచ్చలను మాత్రం ఆపలేదు. క్రీము కొనగలిగినవాళ్ళు ఎస్పీఎఫ్ 30తో పాటు పీఏ పక్కన ప్లస్ గుర్తులు కూడా చూడాలి. బస్సు కిటికీ అద్దంలోంచి కూడా వచ్చే యూవీఏ కిరణాలకు లెక్క అదే. చెమటలో తడిసే కూలీకి నేను చెప్పేది దట్టమైన నేత ఉన్న నిండు చేతుల చొక్కా. పలచటి నూలు తడిస్తే దాని కాపు ఇంకా తగ్గుతుంది.

వెల్డింగ్ వెలుగులోనూ ఇవే కిరణాలు ఉంటాయి, మరింత తీవ్రంగా. సాయంత్రం షాపు ముందు నిలబడి చూసిన పిల్లాడికి అర్ధరాత్రి కళ్ళల్లో ఇసుక పోసినట్టు మంట, నీళ్ళు. చనుబాలు పోయకుండా కళ్ళ డాక్టరుకు చూపించండి, సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. షాపులవాళ్ళను నేను అడిగేది ఒకటే: గేటు అతికించేటప్పుడు రోడ్డువైపు మందపాటి తెర కట్టండి.