అక్కడ ‘చాయ్’ అంటే టీ కాదు!

ఉద్యోగం పోయింది. చేతిలో కాస్త డబ్బు, వీపు మీద ఎనిమిది కిలోల సంచి. నలభై రోజులు వియత్నాం తిరిగొచ్చిన ఓ తెలుగమ్మాయి అనుభవాలివి.

‘‘ఆ డబ్బుతో చీటీ కట్టుకోవే పిచ్చిదానా!’’ అంది అమ్మ.

హైదరాబాద్‌లో నేను పనిచేసే కంపెనీ మా టీమ్ మొత్తాన్నీ ఒకే రోజు ఇంటికి పంపేసింది. ఆఖరి జీతంతో పాటు కొంత సొమ్ము చేతికొచ్చింది. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ వెళ్లలేనని అనిపించింది. అమ్మ రెండు షరతులు పెట్టింది. రోజూ రాత్రి ఫోన్ చెయ్యాలి. ఎవరు పిలిచినా మోటార్ సైకిల్ ఎక్కకూడదు. సరేనన్నాను. నాకు నేను పెట్టుకున్న షరతు ఇంకొకటుంది: రోజుకి రెండు వేల రూపాయలు దాటకూడదు.

ఇంటిపేరుతో మొదలు

వియత్నాం 2023 ఆగస్టు నుంచి 90 రోజుల ఈ-వీసా ఇస్తోంది. ఒకసారి వెళ్లి రావడానికి 25 డాలర్లు. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో మనమే దరఖాస్తు చేసుకోవచ్చు. అచ్చం అలాగే కనిపించే ఏజెంట్ల సైట్లూ ఉన్నాయి, జాగ్రత్త. అసలు తంటా మన పేర్లతోనే. పాస్‌పోర్టులో ఇంటిపేరు, పేరు ఎలా ఉంటే అలాగే, ఒక్క అక్షరం తేడా లేకుండా నింపాలి. తేడా వస్తే విమానాశ్రయంలోనే ఆగిపోవాల్సి రావచ్చు.

అందరూ లక్షాధికారులే

మన రూపాయికి సుమారు 300 డాంగ్‌లు. హనోయ్‌లో దిగి ఏటీఎంలో డబ్బు తీయగానే లక్షలు చేతికొచ్చాయి. హాస్టల్‌లో ఎనిమిది మంది పడుకునే గదిలో ఒక మంచం లక్షన్నర డాంగ్‌లు, అంటే మన లెక్కలో ఐదొందలు. బాన్ మీ అనే రొట్టె పాతిక వేలు. రోజులు గడిచేకొద్దీ సున్నాలు అలవాటయ్యాయి కానీ రంగులు అలవాటు కాలేదు. ఇరవై వేల నోటూ, ఐదు లక్షల నోటూ రెండూ నీలంగానే ఉంటాయి. రెండింటి మీదా హో చి మిన్ బొమ్మే.

మూడో రోజు పొద్దున్నే ఒకావిడ దగ్గర అరటిపళ్లు కొని, నోటిచ్చి వచ్చేశాను. వెనక నుంచి ఒకటే కేకలు. తిరిగి చూస్తే ఆవిడ తట్ట అక్కడే వదిలేసి పరిగెత్తుకొస్తోంది. ఇరవై వేలనుకుని నేనిచ్చింది ఐదు లక్షలు! దాదాపు నా ఒక రోజు ఖర్చంతా. ఆవిడ నా వేళ్ల మధ్య రెండు నోట్లూ పక్కపక్కన పెట్టి, సున్నాలు లెక్కపెట్టించింది, చిన్నపిల్లకి ఎక్కాలు నేర్పినట్టు. ఆ రోజు నుంచి ఐదు లక్షల నోట్లు వేరే జేబులో దాచుకున్నాను.

పప్పన్నం బెంగ

నేను శాకాహారిని. అక్కడ చేప సాస్ పడని వంట దొరకడం కష్టం. నన్ను ఆదుకున్న మాట ‘చాయ్’. వాళ్ల భాషలో అంటే శాకాహారం. మొదట్లో బోర్డులు చదివినవాళ్లు ఆ మాట పలికితే టీ కొట్టేమో అనుకున్నాను. బౌద్ధులు చాలామంది చాంద్రమానం ప్రకారం నెలలో ఒకటో రోజున, పదిహేనో రోజున మాంసం ముట్టరు. మనకు ఏకాదశి ఉన్నట్టు! ఆ రెండు రోజుల్లో మామూలు హోటళ్లలో కూడా చాయ్ భోజనం దొరికేది. ముఖ్యంగా హ్యూ నగరంలో.

మాట తప్పిన చోటు

ఉత్తరాన హా జాంగ్ కొండలున్నాయి. అందరూ బైకు అద్దెకి తీసుకుని తిరిగే ఊరు. అద్దెకిచ్చేవాళ్లు లైసెన్స్ కూడా అడగరు. కానీ మన దేశంలో ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ 1949 ఒప్పందం కిందది. వియత్నాం గుర్తించేది 1968 ఒప్పందం కిందిచ్చిన వాటిని. అంటే మనం అక్కడ నడిపితే లైసెన్స్ లేనట్టే లెక్క. పడితే బీమా కూడా రాదు. మా హాస్టల్‌లో పక్క మంచం అమ్మాయి చేతికి కట్టుతో వచ్చింది. ఆసుపత్రి బిల్లంతా సొంత డబ్బే. దాంతో ఆమె ప్రయాణం అక్కడితో సరి.

నేను నడపలేదు. స్థానిక డ్రైవర్ వెనక కూర్చుని మూడు రోజులు తిరిగాను. వారం ఖర్చు ఆ మూడు రోజుల్లోనే అయిపోయింది. మా పి లెంగ్ కనుమ దగ్గర కింద నో క్వే నది పచ్చగా, దారమంత సన్నగా కనిపించింది. ఆ రాత్రి అమ్మ ‘‘ఎలా వెళ్లావే?’’ అంటే ‘‘బస్సు’’ అన్నాను.

రాత్రి రైలు, ఉచిత గది

ఆ డబ్బు పూడ్చుకోవడానికి తర్వాత రాత్రి ప్రయాణాలే చేశాను. గది అద్దె మిగులుతుంది. హనోయ్ నుంచి సైగాన్ దాకా 1,726 కిలోమీటర్ల రైలు మార్గం 1936లో పూర్తయింది. ఆరు పడకల గదిలో పై బెర్తు అన్నిటికన్నా చవక, కాకపోతే లేచి కూర్చోలేం. హ్యూ నుంచి దా నాంగ్ వరకూ మాత్రం పగలే వెళ్లండి. కొండ అంచున, సముద్రాన్ని ఆనుకుని సాగుతుంది రైలు.

అక్కడి నుంచి హోయ్ ఆన్, ఆ ఊరికి 40 కిలోమీటర్ల దూరంలో మీ సోన్. చంపా రాజులు శివుడికి కట్టిన ఇటుక గుళ్లవి. 1969 అమెరికా బాంబు దాడిలో ఒక గొప్ప గోపురం కూలిపోయింది. మన పురావస్తు శాఖ అక్కడ మరమ్మతులు చేస్తుండగా 2020లో తొమ్మిదో శతాబ్దపు ఏకశిలా లింగం బయటపడింది. అంత దూరంలో శివలింగం చూడగానే, ఇంటి మీద మొదటిసారి బెంగ పుట్టింది.

విమాన ఛార్జీలతో కలిపి మొత్తం లక్షా ఇరవై వేలు దాటలేదు. తిరిగొచ్చాక అమ్మకి ఫొటోలు చూపిస్తున్నాను. ఒకదాని దగ్గర ఆగిపోయింది. హెల్మెట్ పెట్టుకుని, ఎవరో మనిషి వెనక, లోయ అంచున నేను.

‘‘ఇదా బస్సు?’’

నేనేమీ మాట్లాడలేదు. అమ్మ కళ్లజోడు సవరించుకుని ఆ ఫొటోని పెద్దది చేసి చాలాసేపు చూసింది. తర్వాత నెమ్మదిగా అడిగింది.

‘‘కింద ఆ ఏరు పేరేంటే?’’