అత్తమ్మతో రామెన్ తినాలంటే

గద్వాల నుంచో, వనపర్తి నుంచో అత్తమ్మ హైదరాబాద్ వచ్చింది, రామెన్ తినిపిద్దామనుకున్నారు. మంచిదే. కానీ ఆర్డర్ పెట్టే ముందు రసం సంగతి చూడండి. టొంకొట్సు అంటే పంది ఎముకలను గంటల తరబడి మరిగించి తీసిన రసం. పైన కూరగాయలే కనిపించినా, కింద రసంలో దాశి ఉండొచ్చు. దాశి ఎక్కువగా ఎండు చేపతో చేస్తారు. అత్తమ్మ శనివారం నీసు ముట్టదనుకోండి, పంది మాంసం ఎప్పుడూ తినదనుకోండి. తిన్నాక తెలిస్తే? మళ్లీ మీ చేత్తో ఏం పెట్టినా అనుమానంగానే చూస్తుంది. అందుకే "రసం దేంతో చేశారు?" అని వెయిటర్‌ను ఆమె ముందే అడగండి.

ఒక్క గిన్నే ఇద్దరూ పంచుకుంటారా? ఎంగిలి కాకముందే ఖాళీ గిన్నె తెప్పించి సగం తీసిపెట్టండి.

ఇక సప్పుడు. మీ ముందు బాగుండదని ఆమె, ఆమె ముందు బాగుండదని మీరు మెల్లగా తింటుంటే నూడుల్స్ నాని మెత్తబడిపోతాయి. జపాన్‌లో రామెన్ జుర్రుకుని తినడం తప్పు కాదు. గాలి తగిలి వేడి తగ్గుతుంది, వాసన కూడా బాగా తెలుస్తుంది. మనం అంబలి జుర్రుకుని తాగమా? అత్తమ్మకు అదే చెప్పండి, ముందు మీరే జుర్రండి. చాప్‌స్టిక్స్ రాకపోతే ఫోర్క్ అడగండి, సిగ్గేముంది!