గడ్డకట్టని సరస్సుతోనే గండం

అమెరికాలో బఫెలో నగరంలో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు ఈమధ్య ఫోను చేసి, "మామయ్యా, సరస్సు ఒడ్డున ఒక ఇల్లు బేరానికి వచ్చింది. తీసుకోమంటావా?" అని అడిగాడు. కిటికీ తెరిస్తే నీళ్ళు, సాయంత్రమైతే సూర్యాస్తమయం, ధర కూడా అందుబాటులోనే ఉందట. బరంపురంలో కూర్చున్న నన్ను అడగడమేమిటని మీరనుకోవచ్చు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు వాడు మా ఇంట్లోనే ఉన్నాడు. వీధి తలుపుకు మంచం అడ్డంపెట్టి తెల్లవార్లూ కూర్చున్నాం. గాలి సంగతి మామయ్యకు తెలుసునని అప్పటినుంచీ వాడి నమ్మకం.

ఆ నమ్మకం ఎంత ఉత్తదో వాడు పంపిన ఫొటోలు చూశాక గాని నాకు తెలియలేదు. 2020 ఫిబ్రవరి ఆఖరులో, బఫెలోకి దక్షిణాన హాంబర్గ్ అనే ఊళ్ళోని హూవర్ బీచ్ దగ్గర తీసినవి. ఇళ్ళను ఐసులో పోతపోసినట్టుంది. చూరు నుంచి నేల దాకా తెల్లటి ఊడలు. తలుపేదో కిటికీ ఏదో పోల్చుకోలేం. లోపల మనుషులున్నారంటే నమ్మబుద్ధి కాదు.

ఆ ఐసు ఆకాశం నుంచి పడిందనుకున్నాను. కాదట, సరస్సు నుంచి వచ్చిందట. ఈరీ సరస్సు పొడవు దాదాపు 388 కిలోమీటర్లు. సగటు లోతు మాత్రం 19 మీటర్లే. అక్కడి అయిదు మహా సరస్సుల్లో ఇంత లోతు తక్కువది మరొకటి లేదు. నైరుతి నుంచి ఈశాన్యానికి సాగి ఉంటుంది. చలికాలపు పెనుగాలులు తరచు ఆ దారినే వీస్తాయి. తాంబాళంలో నీళ్ళు పోసి ఒక పక్క నుంచి గట్టిగా ఊదండి, రెండో అంచుకు నీళ్ళు ఎగదన్నుతాయి. ఆ రెండో అంచున ఉన్నదే బఫెలో. 1844 అక్టోబరులో ఇలాగే ఎగదన్నిన నీళ్ళు అడ్డుగోడను దాటి ఊళ్ళోకి చొరబడి 78 మందిని బలి తీసుకున్నాయి. 2022 డిసెంబరు తుఫానులో ఇటు నీళ్ళు పొంగితే, అటు పడమటి కొసన టోలీడో దగ్గర సరస్సు అడుగే బయటపడింది.

ఇక నాకు వింతగా తోచిన సంగతి. సరస్సు గడ్డకడితే ప్రమాదమని మనబోటి వాళ్ళం అనుకుంటాం. ఒడ్డున ఇల్లున్నవాళ్ళకు సరస్సు గడ్డకట్టకపోవడమే ప్రమాదం. నీటిమీద ఐసు పరుచుకుంటే గిన్నెకు మూత పెట్టినట్టు. అలలు లేవవు. మూత లేనినాడు అలలు ఒడ్డుగోడకు కొట్టుకుని తుంపరలై లేస్తాయి, గాలి వాటిని ఇళ్ళమీదికి విసురుతుంది, తగిలిన చోటే గడ్డకడతాయి. పొరమీద పొర. 2019-20 చలికాలంలో సరస్సు దాదాపు గడ్డకట్టలేదు. 2022 డిసెంబరులోనూ తుఫాను వచ్చేనాటికి నీళ్ళు తేటగానే ఉన్నాయి. 1973 నుంచి ఉన్న లెక్కల ప్రకారం ఆ సరస్సుల మీద ఐసు మొత్తంమీద తగ్గుతూ వస్తోంది.

అలాగని గడ్డకట్టిన సరస్సును పూర్తిగా నమ్మడానికీ లేదు. 1977 జనవరిలో గడ్డకట్టిన సరస్సు మీద పేరుకున్న మంచునంతా గాలి లేపి తెచ్చి నగరం మీద పోసింది. 2019 ఫిబ్రవరిలో సరస్సు మీది ఐసు పలకలనే గాలి ఒడ్డుకు తోసి, ఇళ్ళ పక్కన గుట్టలు పెట్టింది. హూవర్ బీచ్‌లో కొందరు ఇళ్ళు విడిచి వెళ్ళారు.

ఇంటికి జరిగే నష్టం గురించి వాడు చెబుతుంటే మా ఆవిడ కూడా పని ఆపి విన్నది. ఘనపుటడుగు ఐసు దాదాపు 26 కిలోలు. ఇరవై అడుగుల పొడవు, పదడుగుల ఎత్తు గోడకు అడుగు మందాన పట్టిందంటే అయిదు టన్నుల పైమాటే! అక్కడివి చాలావరకు కర్ర చట్రాల ఇళ్ళు. సుత్తితో పగలగొడదామంటే ఐసుతోపాటు గోడమీది పలకలూ ఊడొస్తాయి. కరిగేదాకా ఆగితే ఆ నీళ్ళు సందుల్లోంచి లోపలికి దిగుతాయి. ఇల్లు వెచ్చబరిచే పొయ్యికి పొగగొట్టం మూసుకుపోతే విషవాయువు ఇంట్లోనే తిరుగుతుంది. కరెంటు పోయి ఇల్లు చల్లబడితే గొట్టాల్లో నీళ్ళు గడ్డకట్టి గొట్టాలు పగులుతాయి. ఈ చివరిది మాత్రం ఒడ్డుకు ఎంత దూరాన ఉన్నా తప్పదు.

2022 క్రిస్మస్‌కు వాడు అక్కడే ఉన్నాడు. ముప్ఫై ఏడు గంటలపాటు ఎదుటి మనిషి కనిపించని మంచుగాలి. విమానాశ్రయం దగ్గర నాలుగడుగుల పైన మంచు. అంబులెన్సులు కూడా కదలలేకపోయాయి. ఆ జిల్లాలో నలభై మందికి పైగా పోయారు. కార్లలో చిక్కుకుని కొందరు, చలికి ఇళ్ళలోనే కొందరు. వాడి ఫోను మూగబోయిన ఆ ఒకటిన్నర రోజూ మా అక్క మా ఇంట్లో పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు.

ఫైలిన్ మా మీద ఒక్క రాత్రే ఉంది. తెల్లారేసరికి చెట్లు కూలినా గాలి తగ్గింది, అందరం వీధిలోకి వచ్చాం. అక్కడ తుఫాను వెళ్ళాక కూడా ఇల్లు ఐసులోనే ఉంటుంది.

అన్నీ విని, వద్దు అనలేకపోయాను. గోదావరి పొంగుతుందని యానాం వాళ్ళు ఊరు వదిలారా? మూడు ప్రశ్నలు మాత్రం వేశాను. సరస్సుకు ఎదురుగా ఉన్న గోడలో ఏముంది? పొగగొట్టం ఏ పక్కకు తెరుచుకుంటుంది? వరద బీమా ఎంతవుతుంది? అక్కడ మామూలు ఇంటి బీమాలో వరద చేరదు, దానికి వేరే పాలసీ తీసుకోవాలి. వాడి దగ్గర మూడింటికీ జవాబు లేదు.

"ఇల్లు ఎప్పుడు చూశావురా?" అన్నాను.

"జూన్‌లో మామయ్యా."

జనవరిలో, గాలి గట్టిగా వీచే రోజు చూసుకుని, మరోసారి వెళ్ళి రమ్మన్నాను.